గోపాలపురం రోడ్డు లాడ్జి: చెయ్యందని కిటికీలు, నాలుగు వైపులా నాలుగు పద్ధతులు

ఒడిశాలో, బరంపురం నుంచి గోపాలపురం పోయే రోడ్డు మీద ఒక లాడ్జి. కింద షాపులు, పైన నాలుగు అంతస్తుల గదులు. నేల నుంచి డాబా దాకా 15.6 మీటర్లు, దాని మీద మీటరు ఎత్తు పిట్టగోడ. కట్టిన దగ్గర నుంచి పై అంతస్తుల అద్దాలు బయటి వైపు ఒక్కసారి కూడా సరిగ్గా కడగలేదు. ఉప్పుగాలికి తూర్పు అద్దాలు జిగటపట్టాయి. ఆ జిగట మీద రోడ్డు దుమ్ము కూర్చుంది. వాన పడ్డప్పుడల్లా అదంతా చారలు చారలుగా దిగి ఎండిపోయింది.

వాటిని కడిగే పని మేం ఒప్పుకునే ముందు మేనేజరు గారు అడిగింది ఒక్కటే. "సన్‌షేడ్ మీద నిలబడి తుడిచేస్తారు కదండీ, అంత లెక్కలెందుకు?" ఈ చుట్టుపక్కల ఊళ్లలో నూటికి తొంభై మంది అడిగేది ఇదే, చేసేదీ ఇదే. అందుకే ఈ కేసులో కొలతల కన్నా ముందు సన్‌షేడ్ సంగతి చెప్పాలి.

సన్‌షేడ్ ఎందుకు నమ్మకూడదు

సన్‌షేడ్ అంటే గోడలోంచి రెండడుగులు బయటికి వచ్చిన పలుచటి స్లాబు. అంచున కింద ఆధారం ఏదీ ఉండదు. దాన్ని పట్టి ఉంచేది లింటెల్లోంచి (కిటికీ పైన ఉండే అడ్డ దూలం) వచ్చే ఇనుప చువ్వలు, అవి స్లాబులో పై భాగాన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో తొక్కి చువ్వలు కిందికి దిగిపోతే ఆ స్లాబుకు బలం లేనట్టే, పైనుంచి చూస్తే మాత్రం తేడా తెలియదు. దాన్ని లెక్కగట్టేది సొంత బరువుకు, వాన నీటికి, కొద్దిపాటి అదనపు బరువుకు మాత్రమే. 70 కేజీల మనిషి కొసన నిలబడితే గోడ దగ్గర పడే వంపు భారం, అదే బరువు స్లాబంతా పరిచినప్పటికన్నా రెట్టింపు.

సముద్రం దగ్గర ఇంకో చిక్కుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోకి ఇంకి చువ్వ దాకా పోతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా విడగొడుతుంది. మీద సున్నం, రంగు వేసుకుంటే అదేమీ కనపడదు. ఈ లాడ్జి తూర్పు వైపు కిటికీల్లోంచి చెయ్యి పోయినంత మేర సుత్తి పిడితో తట్టి చూశాం. మూడు సన్‌షేడ్లు డొల్లగా మోగాయి. ఒకదాని అడుగున సన్నటి గోధుమరంగు గీత చువ్వ వెంబడే నేరుగా సాగింది. అలాంటి గీత కనపడితే లోపల తుప్పు మొదలై చాలా కాలమైందని అర్థం. మేనేజరు గారిని పిలిచి ఆ గీత చూపించాం. ఆ తరవాత సన్‌షేడ్ మాట రాలేదు.

ఏసీ బయటి యూనిట్ల స్టాండ్లకూ ఇదే వర్తిస్తుంది. ఉప్పుగాలికి బోల్టులు తినేసి ఉంటాయి. వాటి మీద కాలు పెట్టకూడదు, వాటికి తాడు కట్టకూడదు, ఒరిగి బరువు వెయ్యకూడదు.

కొలతలు

నాలుగు వైపులా తిరిగి ప్రతి కిటికీకీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: మనిషి కాళ్లు నేల మీదే ఉంచి దీన్ని కడగొచ్చా? కుదరకపోతే గదిలో నిలబడి కడగొచ్చా? ఆ రెండూ కుదరనప్పుడే తాడు. ఈ వరస తప్పితే పని ఖర్చూ పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

నేల మీది నుంచి అంటే నీళ్ల పోల్. పొడవుగా సాగే కార్బన్ గొట్టం, కొసన బ్రష్, బ్రష్‌లోంచి నీళ్లు. పోల్ ఎంత పొడవుందన్నది కాదు అసలు అడ్డంకి, కింది కిటికీ సన్‌షేడ్ అడ్డొస్తుంది. ఇక్కడ అంతస్తు ఎత్తు 3 మీటర్లు. కిటికీ అడుగు అంతస్తు నేలకు 0.9 మీటర్ల పైన, సన్‌షేడ్ 2.1 దగ్గర. అంటే ఒక కిటికీ అడుగుకూ దాని కింద ఉన్న సన్‌షేడ్ పైభాగానికీ మధ్య 1.7 మీటర్లే ఎడం. సన్‌షేడ్ 0.6 మీటర్లు ముందుకు వచ్చింది. దాన్ని తాకకుండా బ్రష్ కిటికీ అడుగుకు చేరాలంటే, పోల్ పట్టిన చేతుల ఎత్తు నుంచి కిటికీ అడుగు దాకా ఉన్న ఎత్తులో మూడో వంతుకు కొంచెం ఎక్కువ దూరం వెనక్కి నిలబడాలి.

చేతుల ఎత్తు 1.2 మీటర్లు, పునాది మెట్టు 0.6 అనుకుంటే లెక్క ఇలా వస్తుంది. మొదటి అంతస్తుకు గోడ నుంచి 1.2 మీటర్లు, రెండో దానికి 2.2, మూడో దానికి 3.3, నాలుగో దానికి 4.3. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా పోల్ తీసుకుపోతే సగం రోజు సన్‌షేడ్లకు బ్రష్ కొట్టుకోవడంతోనే పోతుంది, పోల్ గొట్టం కూడా ఒరుసుకుని చీలుతుంది.

దక్షిణం వైపు, అంటే రోడ్డు వైపు, 5 మీటర్ల జాగా ఉంది. అన్ని అంతస్తులూ నేల నుంచే అందుతాయి. తూర్పున ప్రహరీకి 2.2 మీటర్ల సందు, ప్రహరీ అవతల పక్కవాళ్ల పెంకుటిల్లు. మొదటి అంతస్తు సులువు, రెండోది అతి కష్టం మీద, పై రెండూ అందవు. ఆ సందులోకి మనిషిని పైకెత్తే లిఫ్టు బండి కూడా పట్టదు. పడమర సందు వెంబడి 11 కేవీ లైను, గోడకు రెండున్నర మీటర్ల దూరంలో. ఉత్తరాన మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా, అటు ఉన్నవి బాత్రూం వెంటిలేటర్లే.

ఇవి కాక తూర్పు నాలుగో అంతస్తు సన్‌షేడ్ అడుగున పెద్ద తేనెపట్టు. ఒకే పలకలా మూడడుగుల వెడల్పున వేలాడుతోంది, అంటే కొండ తేనెటీగలు. దాంతో తూర్పు వైపు పని మొత్తం, పోల్‌తో అందే కింది అంతస్తులతో సహా, వాయిదా వేశాం. నేల మీద మనిషైతే పరుగెత్తుతాడు, తాడు మీద వేలాడే మనిషి పరుగెత్తలేడు. పొగ పెట్టి తోలేసి వెంటనే తాడు దిగడం అనే ఆలోచనే పెట్టుకోకూడదు, రేగిన ఈగలు గంటల తరబడి ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. కొండ తేనెటీగలు ఏడాదంతా ఒకచోట ఉండవు. పూత కాలం అయ్యాక పట్టు వదిలి వెళ్లిపోతాయి. అలా ఖాళీ అయ్యాకే తూర్పు వైపు చేశాం.

నీళ్లు

పోల్‌తో కడిగిన అద్దాన్ని ఎవరూ తుడవరు, అది తనంతట తాను ఎండాలి. కాబట్టి నీటిలో ఏముంటే అది అద్దం మీద మిగులుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత, పీపీఎంలో) 10 దాటిన నీళ్లు చుక్కలు వదులుతాయి. కావలసింది 0 నుంచి 5 మధ్య. లాడ్జి బోరు నీళ్లు మీటరు మీద 640 చూపించాయి.

ఇక్కడ చాలామంది చేసే పని, ఒక రెజిన్ (నీటిలోని లవణాలను పట్టేసే గింజలు) సిలిండరు కొని బోరు నీళ్లు నేరుగా దాంట్లోంచి పంపడం. మిక్స్‌డ్ బెడ్ రెజిన్ లీటరు ఎన్ని లీటర్ల నీటిని శుద్ధి చేస్తుందో తేలిగ్గా అంచనా కట్టొచ్చు: 27,500ని నీటి టీడీఎస్‌తో భాగించాలి. 640కి 43 లీటర్లు వస్తాయి. పది లీటర్ల రెజిన్ 430 లీటర్లకే అయిపోతుంది, ఒక్క పోల్ గంటకు 110 లీటర్లు తాగుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు కొత్త రెజిన్ కావాలి. అదే ముందు ఆర్వో పెట్టి 640ని 28కి దించితే, ఆ పది లీటర్ల రెజిన్ లెక్కప్రకారం 9,000 లీటర్లు దాటి వస్తుంది. చేతికి వచ్చేది 6,000 అనుకుని పథకం వేసుకోవడం మంచిది, ఎందుకంటే నీళ్లు రెజిన్‌లో అంతటా సమంగా పారవు.

వాడింది గంటకు 250 లీటర్ల ఆర్వో, దాని వెనక పది లీటర్ల రెజిన్, 500 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, 8 మిల్లీమీటర్ల పైపు. ట్యాంకు ముందురోజు సాయంత్రమే నింపి పెట్టాలి. ఆర్వో వదిలేసే నీళ్లు తక్కువేం కాదు, శుద్ధమైన ప్రతి లీటరుకూ లీటరుకు పైగా పోతుంది. దాన్ని డ్రమ్ముల్లో పట్టి లాడ్జివాళ్లు వాకిలి, కారిడార్లు కడుక్కున్నారు. పంపు 7 బార్ ఒత్తిడి ఇస్తుంది, 15 మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కడానికి పోయేది ఒకటిన్నర బార్. కాబట్టి పైన నీళ్లు సన్నగా వస్తున్నాయంటే పంపును తప్పుపట్టకముందు పైపు ఎక్కడ మడత పడిందో, జెట్ నాజిల్లో ఏం ఇరుక్కుందో చూడాలి.

మీటరు చెప్పని సంగతి ఒకటుంది. రెజిన్ అయిపోవస్తున్నప్పుడు అన్నిటికన్నా ముందు జారిపోయేది సిలికా. అది కరెంటును పెద్దగా పారించదు కాబట్టి టీడీఎస్ మీటరుకు దొరకదు. మీటరు 3 చూపిస్తూనే అద్దం మీద తెల్ల చుక్కలు పడతాయి, సిలికా చుక్కలు తరవాత ఓ పట్టాన వదలవు. అందుకే మీటరు 0 దగ్గర నుంచి కదలడం మొదలవగానే, 10 దాకా ఆగకుండా, రెజిన్ మార్చేయాలి.

దక్షిణం: పోల్, పోర్టికో

గది కిటికీలు ఎనిమిది, వాటి మధ్య మెట్ల దగ్గర నిలువెత్తు ఫిక్స్‌డ్ గ్లాసు. 2.5 మీటర్ల దగ్గర మొదలై 14.5 దాకా, వెడల్పు మీటరున్నర. తెరుచుకునేది ఏదీ లేదు.

మొదటిసారి కడిగే అద్దాన్ని రెండు విడతలుగా చెయ్యాలి. మొదటి విడత ఫ్రేము పైభాగం, మూలలు, రబ్బరు బీడింగు. దుమ్మంతా ఉండేది అక్కడే. ముందే అద్దం కడిగేస్తే ఫ్రేములోంచి నల్లటి నీళ్లు పావుగంట సేపు దాని మీదికి కారుతూనే ఉంటాయి. ఫ్రేము కడిగాక పది నిమిషాలు వదిలి, అప్పుడు అద్దం. బ్రష్‌ను పైనుంచి కిందికి చిన్న చిన్న తోపులతో ఆడించి, చివర బ్రష్‌ను రెండంగుళాలు ఎత్తి నీళ్లు మాత్రం పైఅంచు నుంచి వదలాలి. నీళ్లు పరదాలా జారే అద్దానికి కొద్దిగా చాలు. ముత్యాలుగా విడిపోయే అద్దానికి రెట్టింపు నీళ్లు పట్టించాలి.

ఉప్పు, ఇసుక ఉన్న అద్దాన్ని పొడి గుడ్డతో తాకకూడదు. బాగా తడిసి ఉప్పు కరిగేదాకా బ్రష్ కూడా గట్టిగా నొక్కకూడదు, ఇసుక రేణువు గీత వదిలితే ఇక ఆ గీత అలాగే ఉంటుంది.

స్లైడింగ్ కిటికీల్లో ఇంకో తలనొప్పి: కింది ట్రాకులో నీళ్లు బయటికి పోయే చిల్లులు. అవి మట్టితో పూడుకుపోయి ఉంటే పోల్ నీళ్లన్నీ గదిలోకి దిగుతాయి. మంచం, ఏసీ స్విచ్చు, గోడ రంగు అన్నీ పాడవుతాయి. అందుకని ముందు లోపలి నుంచి ట్రాకు వాక్యూమ్‌తో లాగి, సైకిల్ పుల్ల ముక్కతో ఆ చిల్లులు పొడిచి, కప్పెడు నీళ్లు పోసి అవి బయటికి పోతున్నాయని చూసుకోవాలి. లోపల గట్టు మీద తువ్వాలు పరిచి, ఒక మనిషి ఏ గది కడుగుతుంటే ఆ గదిలో ఉండాలి.

మెట్ల గ్లాసు ముందు 3 మీటర్లు పొడుచుకొచ్చిన పోర్టికో ఉంది, దాని పైభాగం 3.2 మీటర్ల ఎత్తులో. రోడ్డు వైపు 5 మీటర్ల దూరంలో నిలబడితే గ్లాసు 6.2 మీటర్ల పైభాగమే అందుతుంది, కిందిది పోర్టికో అడ్డం. ఆ కింది భాగానికి మొదటి అంతస్తులో గ్లాసు పక్కనున్న కిటికీలోంచి పోర్టికో మీదికి దిగి, రెండు మీటర్ల చిన్న పోల్‌తో చెయ్యాలి. అక్కడ పిట్టగోడ లేదు.

ఇలాంటి చోట షాక్ అబ్జార్బర్ (పడ్డప్పుడు సాగి కుదుపు తగ్గించేది) ఉన్న లాన్యార్డు, అంటే ఒంటికి బిగించిన పట్టీల (హార్నెస్) నుంచి ఆధారానికి కట్టే పొట్టి తాడు, తగిలించుకుని భద్రంగా ఉన్నాం అనుకుంటారు. రెండు మీటర్ల లాన్యార్డు, అబ్జార్బర్ సాగితే ఇంకో మీటరుంపావు నుంచి మీటరుముప్పావు, హార్నెస్ నుంచి మనిషి పాదాల దాకా ఒకటిన్నర, కింద మీటరు ఖాళీ: అంతా కలిపి 6 మీటర్ల జాగా కావాలి. పోర్టికో ఎత్తు 3.2. అంటే లాన్యార్డు పట్టుకునేలోపు మనిషి నేలను తాకుతాడు. ఇక్కడ కావలసింది పడ్డాక పట్టుకునే తాడు కాదు, అంచు దాకా పోనివ్వని తాడు. మెట్ల పక్క ఆర్‌సీసీ స్తంభానికి స్లింగు (బరువు మోసే పట్టీ) చుట్టి, అక్కడి నుంచి హార్నెస్ దాకా ఉన్న తాడు పొడవును అంచుకు ముప్పావు మీటరు ఇవతలే ఆగేలా బిగించాం. బిగించాక మనిషి ముందుకు నడిచి, తాడు ఆపే చోటు ఏదో పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

పోర్టికో కింద ఇటాలియన్ మార్బుల్ పరిచారు. దాని మీద టార్పాలిన్ కప్పకుండా ఏ ఆమ్లమూ వాడలేదు. గ్లాసు కింది భాగంలో పాత తెల్ల మరకలు ఉన్నాయి. ఏసీ నీళ్లు కావు, బోరు నీళ్లతో తోటకు కొట్టిన పైపు మరకలు. లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి మైక్రోఫైబర్ స్లీవుతో (పిడికి తొడిగే గుడ్డ) పట్టించి, ఎండిపోకుండా ఐదు నిమిషాలు తడిగా ఉంచి, కడిగేయాలి. రెండోసారికి వదలని మరకకు సీరియం ఆక్సైడు పాలిష్. బాత్రూం యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకూడదు, అది అల్యూమినియం మీది అనోడైజింగ్ అనే రక్షణ పొరను తినేస్తుంది. లేబుల్ లేని డబ్బాల్లో అమ్మే తుప్పు మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉండొచ్చు. అది అద్దాన్నే కాదు, చర్మం దాటి ఎముక దాకా పోతుంది. డబ్బా మీద ఏముందో చదవలేకపోతే ఆ డబ్బా వద్దు.

పడమర: లైను పక్కన

కార్బన్ పోల్ కరెంటును పారిస్తుంది. ఫైబర్ గ్లాసు పోల్ కూడా తడిసి మురికిపడితే పారిస్తుంది. శుద్ధమైన నీళ్లు కరెంటు పారించవు కాబట్టి ఫర్వాలేదు అనే మాట ఈ పనిలో తరచుగా వినపడుతుంది. ట్యాంకులో ఉన్నంతవరకే అవి శుద్ధం. గోడ ఉప్పును తాకి పోల్ మీంచి కారేటప్పటికి అవి ఉప్పునీళ్లే. 11 కేవీ లైను గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉన్నా నిబంధనల ప్రకారం చెల్లుతుంది, కానీ ఆ దూరం గోడకు చెప్పింది, చేతిలో పోల్ పట్టుకున్న మనిషికి కాదు. పొడవాటి పోల్ ఊగితే రెండున్నర మీటర్లు ఒక లెక్కా?

లైను ఆపించే దారి ఉంది. బరంపురంలో అది కరెంటు పంపిణీ కంపెనీ టీపీఎస్ఓడీఎల్ చేతిలో పని. లిఖితపూర్వకంగా అడిగి, లైను ఆపి, ఎర్త్ చేశాక వాళ్ల మనిషి ఇచ్చిన కాగితం చేతికొచ్చాకే మొదలుపెట్టాలి. కానీ ఈ వైపు కిటికీలు కారిడార్లలో ఉన్నాయి, గ్రిల్లు లేదు. కాబట్టి షట్టర్లనే లోపలికి తీసి కడిగాం.

5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 12.5 కేజీలు. ఇక్కడి షట్టరు 0.75 మీటర్ల వెడల్పు, 1.2 ఎత్తు, అల్యూమినియంతో కలిపి 14 కేజీల దాకా ఉంటుంది. బయటికి జారితే కింద సందులో నడిచే మనిషి బతకడు. తీసే తీరు ఇది. ముందు దోమల మెష్ షట్టరు. తరవాత పై ట్రాకులో షట్టరు పైకి లేవకుండా బిగించిన ముక్క స్క్రూ విప్పాలి. సక్షన్ కప్పు పిడిని అద్దానికి అంటించి, దానికి కట్టిన తాడును లోపలి స్తంభానికి ముడెయ్యాలి. ఆ తరవాతే ఇద్దరు చెరోవైపు పట్టుకుని నిలువుగా పైకెత్తి, అడుగుభాగాన్ని లోపలికి లాగాలి. రోలర్లు అరిగిపోయి షట్టరు లేవకపోతే బలవంతం చెయ్యకుండా, పక్కనున్న చిల్లులోంచి రోలరు స్క్రూ తిప్పి దించాలి. పరిచిన తువ్వాళ్ల మీద పెట్టి కడిగి, తిరిగి బిగించేటప్పుడు పై ముక్క మరిచిపోకూడదు. అది లేని షట్టరు తుపాను గాలికి ట్రాకులోంచి లేచిపోతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ గోపాలపురం దగ్గరే.

ఈ వైపు కిటికీలోంచి బయటికి చేతి పనిముట్లు తప్ప ఏ కడ్డీ చాపకూడదని ముందే అందరికీ చెప్పాం, నాలుగడుగుల అల్యూమినియం పిడి కూడా.

ఉత్తరం వెంటిలేటర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లూవర్ పలకలు ఒక్కొక్కటీ లోపలికి జారతాయి. కింది నుంచి పైకి తీసి బకెట్లో కడిగి, అదే వరుసలో పెట్టాలి.

తూర్పు: తాడు మీద

మొదటి, రెండో అంతస్తులు సందులోంచి పోల్‌తో. మూడు, నాలుగు అంతస్తుల్లో ఎనిమిది కిటికీలు, లోపలి వైపు గ్రిల్లు వెల్డింగు. ఇవి మాత్రమే తాడుకు మిగిలాయి. తాడు పని శిక్షణ పొందినవాళ్లదే, ఐరాటా (తాడు పనివాళ్లకు సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంఘం) లెవెల్ 3 సూపర్‌వైజరు స్థలంలో ఉండాలి, ఒక్కడే దిగడం ఉండదు. పెయింటర్లు ఒకే తాడుకు చెక్క పీట కట్టుకుని దిగే పద్ధతికీ దీనికీ పోలిక లేదు. అక్కడ తాడు తెగితే పట్టుకునేది ఏదీ ఉండదు.

మనిషికి రెండు తాళ్లు: బరువు మోసేది ఒకటి, వెనకాల కాపలాకు ఒకటి. రెండూ 11 మిల్లీమీటర్ల తక్కువ సాగే రకం, రెండూ వేరువేరు ఆధారాలకు. డాబా మీద సింటెక్స్ ట్యాంకు, నీళ్ల పైపు, డిష్ స్టాండు ఏదీ ఆధారం కాదు. లిఫ్టు గది ఆర్‌సీసీ స్తంభాలు రెండు దొరికాయి. వాటి అడుగున స్లింగులు చుట్టాం. స్తంభం మూల అంచుకు మందపాటి కాన్వాసు. రెండు స్తంభాల నుంచి తాళ్లు కలిపే చోట కోణం 90 డిగ్రీలు దాటకూడదు. 120 దగ్గర ఒక్కో స్తంభం మీద పూర్తి బరువు పడుతుంది, పంచుకోవడమన్న మాటే ఉండదు.

పిట్టగోడ దగ్గర ఒక బలం లెక్కలోకి రాకుండా తప్పించుకుంటుంది. తాడు డాబా మీద అడ్డంగా వచ్చి గోడ మీంచి కిందికి వంగుతుంది. కాబట్టి మనిషి బరువంత బలం గోడను లోపలికి కూడా తోస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ దానికి కూలొచ్చు. ఈ లాడ్జిలో బిల్డింగు స్తంభాలు పిట్టగోడ ఎత్తు దాకా లేచి ఉన్నాయి, వాటిని కలిపే కాంక్రీటు పట్టీ ఉంది. తాడు ప్రతిసారీ ఆ స్తంభం మీంచే వదిలాం. ఆ స్తంభాలున్నది కూడా కిటికీకీ కిటికీకీ మధ్య గోడలోనే, మాకు కావలసిందీ అదే. సన్‌షేడ్ మీంచి తాడు పోతే దాని అంచు తాడును కోస్తుంది, పైగా మనిషి అద్దానికి రెండడుగుల దూరంలో వేలాడతాడు. రెండు కిటికీల నడుమ దిగితే పాదాలు గోడకు ఆనతాయి. ఎడమ కిటికీ కుడి సగం, కుడి కిటికీ ఎడమ సగం ఒకే దిగుడులో అందుతాయి. నాలుగు వరుసల కిటికీలకు ఐదు దిగుళ్లు.

తాడు పొడవు 30 మీటర్లు చాలుననిపిస్తుంది: ఎత్తు 16.6, డాబా మీద 6, నేల మీద కొంచెం. కానీ తీసుకోవలసింది 50. తాడు మీద మనిషి స్పృహ తప్పితే పైవాడు అతని దగ్గరికి దిగకుండా, ఆధారం దగ్గరే బిగించి ఉంచిన డిసెండర్ (తాడును మెల్లగా జారనిచ్చే పరికరం) విప్పి రెండు తాళ్లనూ మెల్లగా వదిలి నేలకు దించగలగాలి. అలా వదలడానికి డాబా మీద కనీసం 17 మీటర్ల తాడు మిగిలి ఉండాలి. కదలకుండా హార్నెస్‌లో వేలాడే మనిషికి నిమిషాలు కూడా ఎక్కువే, పది నిమిషాల్లోపు నేల మీద ఉండేలా పథకం ఉండాలి. పని మొదలయ్యే ముందు ఇసుక బస్తా కట్టి ఒకసారి దించి చూశాం.

ప్రతి పనిముట్టుకీ తాడు. 12 మీటర్ల నుంచి జారిన వైపర్ నేలను చేరేసరికి గంటకు 55 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. కింద సందుకు రెండు చివరలా తాడు కట్టి, ఒక మనిషిని నిలబెట్టాం. పెంకుటింటివాళ్లకు ముందురోజే చెప్పాం. జట్టులో తెలుగువాళ్లూ ఒరియావాళ్లూ ఉన్నారు, గాలిలో కేకలు ఎలాగూ అర్థం కావు. అందుకే ఈలలు: ఒకటి ఆగమని, రెండు వదలమని, మూడు ప్రమాదమని.

వేళ దగ్గర ఒక ఇరకాటం ఉంది. తూర్పు అద్దం మీద పొద్దున్నే ఎండ, సబ్బు నీళ్లు తుడిచేలోపే ఎండి చారలు పడతాయి. మధ్యాహ్నం నీడ వస్తుంది కానీ సముద్రపు గాలి లేస్తుంది. గాలి విషయంలో రాజీ లేదు, ఉదయం 6 నుంచి 9 మధ్యే దిగాం. చారల సమస్యకు పరిష్కారం సబ్బు మానేయడం. నడుముకు రెండు లీటర్ల చేతి పంపు, అందులోనూ అదే శుద్ధ నీళ్లు. 35 సెంటీమీటర్ల స్లీవుతో రుద్ది, వైపర్‌తో లాగి, మూలల్లో మిగిలింది వదిలేయొచ్చు, ఖనిజం లేదు కాబట్టి ఎండినా మరక పడదు. గాలి కొలిచే మీటరు గంటకు 25 కిలోమీటర్లు దాటితే పైకి రావడం మా హద్దు. మీటరు లేకపోతే, దుమ్ము, కాగితాలు లేస్తూ చిన్న కొమ్మలు ఊగుతున్నాయంటే ఆ వేగం దగ్గర పడ్డట్టే.

ఖాళీ తేనెపట్టు మైనం అద్దం మీద మిగిలింది. ప్లాస్టిక్ గీకుడు బద్దతో తీసి కడిగేశాం. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం మీద బ్లేడు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి. తయారీలో అతుక్కున్న గాజు రజను కంటికి కనపడదు, బ్లేడు దాన్ని లాక్కుపోతే అద్దమంతా గీతలే.

లాడ్జికి రాసిచ్చినవి

డొల్లగా మోగిన మూడు సన్‌షేడ్ల కింద నడక ఆపి, ఇంజనీరుకు చూపించమన్నాం. తూర్పు, దక్షిణం అద్దాలకు నెలకోసారి శుద్ధ నీళ్లతో తేలికపాటి కడుగుడు, గాలివాన వచ్చి వెళ్లిన వారంలోపు ఇంకోసారి. ఉప్పు మీద దుమ్ము గట్టిపడకముందే కడిగితే బ్రష్ రెండు తోపుల్లో పని అయిపోతుంది. తూర్పు మూడు, నాలుగు అంతస్తుల గ్రిల్లుల్లో ఒక పలకను లోపలి నుంచి తెరుచుకునేలా, తాళం పెట్టుకునేలా మార్పించమన్నాం. అది జరిగితే ఆ షట్టర్లనూ పడమర పద్ధతిలోనే లోపలికి తీయొచ్చు, తాడు అవసరం పోతుంది. మార్చేదాకా తాడు తప్పదు కాబట్టి డాబా స్లాబు దూలంలో స్టెయిన్‌లెస్ స్టీలు ఆంకరు బోల్టులు రసాయన గమ్‌తో దింపించి, లాగి పరీక్షించి, తేదీ రాసిన బిళ్ల తగిలించాలి. సముద్రం దగ్గర 304 రకం ఉక్కు మచ్చలు పడుతుంది, 316 అడగాలి. ఆ బోల్టులు ఎట్టి పరిస్థితుల్లోనూ పిట్టగోడ ఇటుకలో వేయించొద్దని విడిగా గీత గీసి రాశాం.